చలి ఊళ్ళో వేడెక్కే కంప్యూటరు



"అయ్యగారూ, మా కంప్యూటరు దానంతటదే ఆగిపోతున్నదండీ, వైరస్ ఏమైనా పట్టిందంటారా?" అని ఈ మధ్య మమ్మల్ని అడిగేవారు ఎక్కువయ్యారు. పిల్లల చదువుల గూర్చి, పైరు పంటల గూర్చి, ఇంటి ఆరోగ్యం గూర్చి వ్రాసే ఈ శీర్షికలో కంప్యూటరు సంగతి ఎందుకని కొందరు అనుకోవచ్చు. కాని 2020లో బడులు మూతబడి పాఠాలు తెరమీదికి వచ్చినప్పటినుండి, 2022 ఏప్రిల్ 4న పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకు ముఖ్య పట్టణమైనప్పటినుండి మన కొండల్లోని ఇళ్ళలో కూడా కంప్యూటర్లు పెరిగాయి. దరఖాస్తులు, ప్రాజెక్టులు, ఉద్యోగ పరీక్షల సాధన అన్నీ దానిమీదనే. ఆ పెట్టె ఆగితే ఒక బిడ్డ చదువు ఆగినట్టే. గనుక దీన్ని గూర్చి మనం కొంత తెలుసుకోవలసిందే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మన ఇళ్ళకు వచ్చే కంప్యూటర్లలో చాలావరకు కంపెనీ పెట్టెలు కావు. విశాఖపట్నంలోనో, సికిందరాబాదులో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో విడివిడిగా భాగాలు కొని బిగించినవి. అసెంబుల్డ్ అంటారు గదా, అవే. కొందరు యౌవనస్థులు ఇంటిదగ్గరే బిగించుకుంటున్నారు. ఇది తప్పేమీ కాదు, ఖర్చు కలిసివస్తుంది. అయితే కంపెనీ పెట్టెలో ఏ ఫ్యాను ఎప్పుడు ఎంత తిరగాలో కంపెనీవారే ముందుగా పరీక్షించి అమర్చుతారు. బిగించిన పెట్టెలో ఆ పని బిగించినవారిదే. వారు మరచిపోతే మరి అడిగే నాథుడు ఉండడు.

"ఇంత చలి ఊళ్ళో వేడెక్కడమేమిటి?" అని పెద్దలు నవ్వుతారు. లంబసింగిలో గడ్డిమీద మంచు గడ్డకట్టే రోజుల్లో కూడా పెట్టె లోపలి ప్రాసెసరు కాలుతూనే ఉంటుంది. పాతకాలంలో మనం వాడిన 60 వాట్ల బల్బును ఎవరూ చేత్తో పట్టుకోలేకపోయేవారు. ఇప్పటి మామూలు ప్రాసెసరు 65 వాట్లు తింటుంది, అదంతా వేలిగోరంత, లేదా గోరుకు రెండు మూడింతలంత సిలికాను ముక్కలోనే. ఇంటెల్‌వారి పెద్ద రకం ఐ9-14900కె అయితే పూర్తి పనిలో 253 వాట్లదాకా పోతుంది. ఆ వేడిని అల్యూమినియం రేకుల దిమ్మ పీల్చుకోవాలి, దానిమీది ఫ్యాను గాలికి విడిచిపెట్టాలి. ఈ రెంటిలో ఏది పని మానినా నిమిషాల్లో సంగతి చేయి దాటుతుంది.

2001లో ఒక విదేశీ పరీక్ష ప్రసిద్ధికెక్కింది. నడుస్తున్న కంప్యూటర్లలో ప్రాసెసరుమీది దిమ్మను తీసివేసి చూశారు. ఆనాటి ఎ.ఎం.డి. అథ్లాన్ క్షణాల్లో పొగవచ్చి కాలిపోయింది. ఇంటెల్ పెంటియం 4 మాత్రం తన వేగాన్ని తానే తగ్గించుకొని బ్రతికింది. ఇప్పుడు అన్ని ప్రాసెసర్లకూ ఆ బుద్ధి వచ్చింది. హద్దు దగ్గరపడితే ముందు నెమ్మదిస్తాయి, అప్పటికీ వేడి దాటితే పెట్టెను ఆపివేస్తాయి. మనవాళ్ళు "హ్యాంగ్ అవుతోంది", "వైరస్" అనే జబ్బుల్లో కొన్ని నిజానికి ఇవే. ప్రాసెసరు ప్రాణం కాపాడుకోవడం కొరకు చేసే పనిని మనం రోగమనుకుంటున్నాము.

మరి వేడిని కొలిచేదెవరు? పెట్టెలో థర్మామీటరు ఒక్కటి కాదు, చాలా ఉంటాయి. అవి రెండు తెగలు. ప్రాసెసరు గర్భంలోనే ఉండేవి ఒక తెగ. మదర్‌బోర్డుమీద అక్కడక్కడ అతికించినవి రెండో తెగ. ఈ రెండో తెగవారి మాటలను ఒక చిన్న చిప్పు విని మనకు చెబుతుంది. నువోటాన్, ఐ.టి.ఇ. అనే కంపెనీల చిప్పులు ఎక్కువగా కనిపిస్తాయి. ఫ్యాను ఎన్ని చుట్లు తిరుగుతున్నదో లెక్కపెట్టేదీ, సాధారణంగా దాని వేగం పెంచేదీ తగ్గించేదీ ఈ చిప్పే.

ప్రాసెసరు లోపలి థర్మామీటరు తీరు కొంచెం విచిత్రం. ఇంటెల్‌వారిది "నేను ఇన్ని డిగ్రీలున్నాను" అని చెప్పదు. "నా హద్దుకు ఇంకా ఇంత దూరం ఉంది" అని చెబుతుంది. చాలావాటికి ఆ హద్దు 100 డిగ్రీలు. దూరం 40 అంటే వేడి 60 అని మనం చూసే ప్రోగ్రాము తీసివేత చేసి చూపిస్తుంది. హద్దు దగ్గర తప్పిపోకూడదని చేసిన ఏర్పాటు గనుక వేడిమీద ఉన్నప్పుడు అది చెప్పే లెక్క నమ్మదగినది. చల్లగా ఉన్నప్పుడు కొన్ని డిగ్రీలు అటూ ఇటూ అవుతుంది. 2008 ప్రాంతంలో వచ్చిన కోర్ 2 ప్రాసెసర్లు కొన్నింటిలో ఒక అంకెకు దిగువ ముల్లు అంటుకుపోయి కదలకపోవడం కూడా చాలామంది చూశారు. గనుక డిసెంబరు తెల్లవారుజామున గది 10 డిగ్రీలుంటే ప్రాసెసరు 19 చూపినా, 8 చూపినా కంగారు పడనక్కరలేదు. 90 చూపితే మాత్రం నమ్మండి.

థర్మామీటరును నమ్మడం గూర్చి చిన్న పక్క మాట. పాడేరులో నీళ్ళు మరగబెట్టి అందులో మంచి థర్మామీటరు ముంచితే 100 చూపదు, సుమారు 97 చూపుతుంది. బళ్ళో సైన్సు పుస్తకంలో 100 అని చదివిన పిల్లవాడు థర్మామీటరు చెడిపోయిందంటాడు. చెడిపోలేదు. మనం సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నాము, ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున నీరు మరిగే వేడి తగ్గుతుంది. కొండమీది కందిపప్పు ఆలస్యంగా ఉడకడానికి కారణం అదే. ఈ ఎత్తున గాలి కూడా ఎనిమిది తొమ్మిది శాతం పలచన, అంటే అదే ఫ్యాను అదే వేగంతో తిరిగినా విశాఖలో కంటే కాస్త తక్కువ గాలిని తోస్తుంది. అయితే మన చలి ఆ నష్టాన్ని పూడ్చి ఇంకా మిగులుస్తుంది గనుక దాని గూర్చి చింత వద్దు.

ఇక అంకెలు చదవడం. హెచ్‌డబ్ల్యూమానిటర్ వంటి ఉచిత ప్రోగ్రాము వేసి చూస్తే ఒక పెద్ద పట్టిక వస్తుంది. అక్కడ సిస్‌టిన్, సీపీయూటిన్, ఆక్స్‌టిన్ అని పేర్లుంటాయి. ఆక్స్‌టిన్ ఎదురుగా 127 డిగ్రీలు అనో, సున్నాకు దిగువన యాభై అరవై అనో కనిపిస్తే బెదిరిపోకండి. ఆ చిప్పుకు తీగ అతికించే చోటు ఉంది గాని, మీ బోర్డులో ఆ తీగ చివర ఏమీ లేదు. దిక్కులేని తీగ చెప్పే మాట అది. నిజంగా 127 డిగ్రీలైతే పెట్టెనుండి వాసన వచ్చేది. సున్నాకు దిగువ అయితే మరీ విడ్డూరం. గాలితో చల్లబరచే ఏ వస్తువూ గదిలోని గాలికంటే చల్లన కాలేదు.

దీనికి మంచి పరీక్ష ఒకటుంది, ఖర్చు లేనిది. రాత్రంతా ఆపి ఉంచిన పెట్టెను ఉదయం వెలిగించి, వెంటనే అంకెలు చూడండి. గోడకు ఒక మామూలు థర్మామీటరు ఉంటే ఇంకా మంచిది. నిజమైన థర్మామీటర్లన్నీ గది వేడికి దగ్గరలో మొదలై మెల్లగా పైకి ఎక్కుతాయి. కదలకుండా ఒకే అంకె పట్టుకొని కూర్చున్నదీ, గదికంటే బాగా చల్లగా చెప్పేదీ లెక్కలోకి రాదు. తర్వాత ఒక పెద్ద పని పెట్టి, పదిహేను నిమిషాలయ్యాక మళ్ళీ చూడండి. ఏది బాగా ఎక్కిందో అదే ప్రాసెసరు లెక్క. పట్టికలో 'మాక్స్' అనే వరుస ఉంటుంది, మీరు చూడనప్పుడు ఎంతదాకా వెళ్ళిందో అది దాచిపెడుతుంది. చూడవలసింది దాన్నే.

బయోస్‌లోకి వెళ్ళి చూసినప్పుడు 50 చూపి, విండోస్‌లో 35 చూపితే రెండింటిలో ఒకటి అబద్ధమని కొందరంటారు. కాదు. బయోస్‌లో ఉన్నంతసేపు ప్రాసెసరు పొదుపు నిద్రలోకి పోదు, అందుకే అక్కడ ఎక్కువ. 2017లో వచ్చిన రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్ ప్రాసెసర్లయితే కావాలనే నిజమైన వేడికి 20 డిగ్రీలు కలిపి చెప్పేవి, అన్ని రకాలకూ ఫ్యాను ఒకే పద్ధతిలో తిరగాలని కంపెనీవారు చేసిన ఏర్పాటు. తెలియనివారు దిమ్మలు మార్చి డబ్బు పోగొట్టుకున్నారు. అలాగే 2022లో వచ్చిన రైజెన్ 7000 వరుసలోని పెద్ద రకాలు పూర్తి పనిలో 95 డిగ్రీల దగ్గర నిలిచేటట్టే తయారయ్యాయి. గనుక మీ ప్రాసెసరు పేరు తెలుసుకోకుండా అంకెనుబట్టి తీర్పు తీర్చవద్దు. మామూలుగా మన ఇళ్ళలో ఉండే రకాలకు, ఖాళీగా ఉన్నప్పుడు గదికంటే పది ఇరవై డిగ్రీలు ఎక్కువ, పనిలో 60 నుండి 80 అంటే క్షేమమే.

ఇప్పుడు 2023 డిసెంబరులో మన ప్రాంతంలోని ఒక సంఘ కుటుంబానికి జరిగింది చెబుతాము. వారి అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరం. కాఫీ పండ్ల డబ్బు రాగానే తండ్రి విశాఖలో ఒక దుకాణంలో పాత పెట్టె కొన్నాడు. 2013లో వచ్చిన నాలుగో తరం ఐ5 అందులో ఉంది. దుకాణంలో గంటసేపు నడిపి చూపించారు, చక్కగా నడిచింది. ఘాటు రోడ్డెక్కి ఇంటికి వచ్చాక అరగంటకు మొరాయించడం మొదలు. వ్రాసిన ప్రాజెక్టు పేజీలు రెండుసార్లు పోయాయి. తండ్రి పెట్టెను గోనెలో చుట్టి బస్సులో నూరు కిలోమీటర్లకు పైగా మోసుకెళ్ళాడు. అక్కడ మళ్ళీ బాగానే నడిచింది! "మీ ఇంట్లో కరెంటు బాగులేదు" అన్నారు. ఇంటికి తెచ్చాడు, మళ్ళీ అదే తంతు. రెండోసారి మోసుకెళ్తే మదర్‌బోర్డు మార్చాలి, 6,500 అవుతుందన్నారు. ఆయన ఆ సొమ్ముకోసం మేకలు అమ్మడానికి సిద్ధపడుతూ మాకు చెప్పాడు.

"వేడేమో అనుకున్నామండీ, కాని 24 డిగ్రీలే చూపిస్తోంది," అన్నాడు. మేమూ, సంఘ యౌవనస్థుల్లో పాలిటెక్నిక్ చదివిన ఒక తమ్ముడూ కలిసి వెళ్ళాము. అందరికంటే విలువైన మాట ఆ అమ్మాయి చెప్పింది. "అయ్యగారూ, మధ్యాహ్నం బాగానే ఉంటుందండీ. తెల్లవారుజామున చదువుకుందామని వెలిగిస్తేనూ, రాత్రిపూటానూ ఆగిపోతుంది."

ఎండ వేళ నడిచి చలి వేళ ఆగిపోయే వేడి జబ్బు! వినడానికి తలక్రిందులుగా ఉంది. పక్క రేకు విప్పి చూస్తే ప్రాసెసరుమీది ఫ్యాను కదలడం లేదు. చేత్తో ముట్టుకుంటే వదులుగానే తిరుగుతున్నది, అంటే చెడిపోలేదు. దాని తీగను వెంట పట్టుకొని వెళ్తే సంగతి తేలింది. మదర్‌బోర్డుమీద ఫ్యాను తీగ గుచ్చే చోట్లు రెండుంటాయి. సీపీయూ ఫ్యాన్ అని వ్రాసినది ప్రాసెసరు వేడినిబట్టి గాలి పెంచుతుంది. సిస్ ఫ్యాన్ అని వ్రాసినది ఆ బోర్డులో పెట్టె లోపలి మామూలు వేడినిబట్టి పెంచుతుంది. బిగించినవారు తీగ పొడవు చాలకనో, తొందరలోనో రెండోదానిలో గుచ్చారు. మొదటి చోటు ఖాళీగా ఉంటే కంప్యూటరు వెలగగానే "సీపీయూ ఫ్యాన్ ఎర్రర్" అని హెచ్చరించాలి. ఆ హెచ్చరికను కూడా బయోస్‌లో 'ఇగ్నోర్' అని నోరు నొక్కేశారు.

ఇక లెక్క చూడండి. విశాఖలో దుకాణం గది 32, 33 డిగ్రీలుంటుంది, పెట్టె లోపల 40 దాటుతుంది. అది చూసి ఫ్యాను గట్టిగా తిరుగుతుంది. దాని పుణ్యాన ప్రాసెసరు కూడా చల్లబడుతుంది. మన ఊళ్ళో డిసెంబరు ఉదయం గది 13, 14. పెట్టె లోపల 24. "చల్లగానే ఉన్నది గదా" అని ఫ్యాను పడుకుంటుంది. దాని క్రిందనే ప్రాసెసరు 100 డిగ్రీల దగ్గర ఉడుకుతున్నది. తండ్రి చూసిన 24 అబద్ధం కాదు, అది బోర్డు వేడి. పట్టికలో ఇంకా క్రిందికి వెళ్తే ప్రాసెసరు పేరు క్రింద 99 అని ఉంది. దుకాణంవారు అబద్ధమాడారని మేము అనము, వారి కళ్ళముందు అది నిజంగానే బాగా నడిచింది. కాని కొండమీదికి పోయే పెట్టెకు కొండ చలి లెక్క ఎవరూ వేయలేదు. బోర్డు మార్చి అదే చోట తీగ గుచ్చి ఉంటే 6,500 పోయి జబ్బు మిగిలేది.

తీగ మార్చి గుచ్చడానికి ఒక నిమిషం పట్టింది. హెచ్చరికను తిరిగి తెరిచాము. గంటసేపు గట్టి పని పెట్టినా 68 దాటలేదు. ఆ అమ్మాయి క్రిస్మస్ సెలవుల్లోనే ప్రాజెక్టు ముగించింది, మేకలు దొడ్డిలోనే ఉన్నాయి.

ఇట్టి పని మీరే చేసుకోదలిస్తే ముందుగా ప్లగ్గు పూర్తిగా తీసివేయండి, స్విచ్చి నొక్కి ఊరుకోవద్దు. మన ఇళ్ళలో చాలాచోట్ల ఎర్తింగు సరిగా లేదు, పెట్టె రేకు ముట్టుకుంటే జిల్లుమంటుంది. అలా ఉన్నచోట మొదట ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తు వేయించాలి, కంప్యూటరు సంగతి తర్వాత. కరెంటు వచ్చే ఇనుప డబ్బాను, అంటే పవర్ సప్లైను ఎన్నడూ విప్పవద్దు, ప్లగ్గు తీసిన తర్వాత కూడా దానిలో కరెంటు నిలిచి ఉంటుంది. దానికి సొంత ఫ్యాను ఉంటుంది, అది సాధారణంగా ఏ పట్టికలోనూ కనిపించదు. పని నడిచేటప్పుడు వెనుక అరచేయి పెట్టి గాలి తగులుతున్నదో లేదో చూసుకోవడమే దారి.

ఫ్యాను తీగల సంగతి. రంగులు కంపెనీకొక తీరు గనుక రంగును నమ్మక వరుసను లెక్కపెట్టండి. మొదటిది ఎర్తు, రెండోది 12 వోల్టులు, మూడోది చుట్ల లెక్క తెలిపేది, నాలుగోది ఆజ్ఞ ఇచ్చేది. సాధారణంగా ఫ్యాను ఒక చుట్టు తిరిగితే మూడో తీగలో రెండు సంకేతాలు వస్తాయి, చిప్పు వాటిని లెక్కించి నిమిషానికి ఇన్ని చుట్లని చెబుతుంది. పట్టికలో సున్నా కనిపిస్తే ఫ్యాను ఆగిందని కాదు, మూడో తీగ తెగినా, రెండే తీగల ఫ్యాను అయినా సున్నానే. కంటితో చూడాలి. నాలుగో తీగ ఉన్న ఫ్యానుకు 12 వోల్టులు ఎప్పుడూ అందుతూనే ఉంటాయి. నాలుగో తీగ సెకనుకు సుమారు 25,000 సార్లు ఆడుతూ ఆగుతూ ఎంత వేగం కావాలో తెలుపుతుంది. ఆ తీగ తెగితే ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతుంది. దాన్ని తయారుచేసినవారి ముందుచూపు మాకు నచ్చింది.

మూడు తీగల ఫ్యానుకు ఈ ఆజ్ఞ అర్థం కాదు. దానికి వోల్టులు తగ్గించి వేగం తగ్గించాలి. బయోస్‌లో ప్రతి ఫ్యానుకు పీడబ్ల్యూఎం, డీసీ అని రెండు పద్ధతులుంటాయి. మూడు తీగలకు డీసీ, నాలుగు తీగలకు పీడబ్ల్యూఎం. ఇది తారుమారైతే మూడు తీగల ఫ్యాను రాత్రింబవళ్ళు పిండిమరలా హోరెత్తుతుంది. నాలుగు తీగల ఫ్యానును డీసీలో పెడితే తక్కువ వోల్టులకు లేవలేక ఆగిపోవచ్చు. "మా కంప్యూటరు విమానంలా అరుస్తోంది" అనేవారు ముందు ఇది చూసుకోండి.

వేగం ఎంత పెట్టాలంటే, మేము మన ప్రాంతపువారికి చెప్పేది ఇది. 40 డిగ్రీలదాకా 30 శాతం, 60కి 50 శాతం, 75కి 80 శాతం, 85కి పూర్తి. అడుగు అంకె ఎన్నడూ సున్నా పెట్టవద్దు. పెట్టెకు గాలి తోసే ఇతర ఫ్యానులను కూడా, బోర్డు ఒప్పుకుంటే, ప్రాసెసరు వేడినే చూసి తిరిగేటట్టు పెట్టుకోండి. ఇదంతా బయోస్‌లోనే చేయడం మేలు. విండోస్‌లో నడిచే ప్రోగ్రాములతో చేయవచ్చు గాని, ఆ ప్రోగ్రాము బిగుసుకుపోతే ఫ్యాను ఉన్నచోటే నిలిచిపోవచ్చు. ఒకప్పుడు అందరూ వాడిన స్పీడ్‌ఫ్యాన్ 4.52తో ఆగిపోయింది, కొత్త బోర్డులను అది సరిగా ఎరుగదు. పైగా రెండు ప్రోగ్రాములు ఒకేసారి ఒకే చిప్పును ప్రశ్నిస్తే జవాబులు కలగాపులగమై పిచ్చి అంకెలు వస్తాయి, ఒక్కటే నడపండి. లినక్స్ వాడే పిల్లలు ఎల్ఎం-సెన్సర్స్ వేసుకుంటే చాలు.

బయోస్‌లో పెట్టినవి వారానికోసారి చెరిగిపోతున్నాయా? గడియారం ఏదో పాత సంవత్సరం చూపుతున్నదా? బోర్డుమీద రూపాయి బిళ్ళలాంటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయిందన్నమాట. గడియారాల దుకాణంలో దొరుకుతుంది. నెలల తరబడి ప్లగ్గు తీసి ఉంచిన పెట్టెల్లో ఇది త్వరగా అయిపోతుంది.

తీగలన్నీ సరిగా ఉన్నా వేడి తగ్గకపోతే, వేడి ఎక్కే తీరు చూడండి. పెద్ద పని పెట్టిన కొద్ది క్షణాల్లోనే 90 దాటితే దిమ్మ ప్రాసెసరుకు సరిగా ఆనలేదు. పది ఇరవై నిమిషాలకు మెల్లగా ఎక్కితే గాలి ఆడడం లేదు. ఈ తేడా తెలిస్తే సగం వెదుకులాట తప్పుతుంది.

మొదటి రకానికి కారణం తరచుగా ఇంటెల్ దిమ్మల నాలుగు కాళ్ళు. 2004నుండి వాడుకలో ఉన్న ఈ ప్లాస్టిక్ కాళ్ళలో ఒకటి ఘాటు రోడ్డు కుదుపులకు ఊడినా చాలు, దిమ్మ ఒక ప్రక్కకు లేస్తుంది. నొక్కేటప్పుడు ఎదురెదురు మూలలను జతగా నొక్కాలి, టక్కుమని శబ్దం రావాలి, బోర్డు వెనుక నాలుగూ సమానంగా బయటికి వచ్చాయో చూడాలి. దిమ్మను తీస్తే పాత పేస్టును శుభ్రంగా తుడిచి కొత్తది పెట్టాలి, బఠాణీ గింజంత. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లదనం రాదు. ఎ.ఎం.డి.వారి ఎఎం4 రకమైతే కాసేపు నడిపి, పెట్టె ఆపి ప్లగ్గు తీసి, దిమ్మ ఇంకా గోరువెచ్చగా ఉండగా మెల్లగా అటూ ఇటూ త్రిప్పి తీయండి. చల్లారాక ఒక్కసారిగా పైకి లాగితే ప్రాసెసరు కూడా అంటుకొని వచ్చి సన్నని కాళ్ళు వంగిపోతాయి.

రెండో రకానికి కారణం మన ఇల్లే. కట్టెల పొయ్యి ఉన్న గదిలోనో ప్రక్క గదిలోనో కంప్యూటరు ఉంటే మసి, నూనె ఆవిరి, ఎర్రమట్టి దుమ్ము కలిసి రేకుల సందుల్లో కంబళిలా పేరుకుంటాయి. పైనుండి ఫ్యాను శుభ్రంగా కనిపిస్తుంది, కంబళి దాని క్రింద ఉంటుంది. ఫ్యాను విప్పి పొడి పెయింటు బ్రష్షుతో దులపండి, తడిగుడ్డ వద్దు. గాలి కొట్టే యంత్రం వాడితే ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి, మితిమీరి గిరగిర తిరిగితే ఫ్యానే చెడుతుంది. చలికాలంలో వెచ్చదనానికి బల్లులు, బొద్దింకలు లోపల చేరతాయి. వెనుక ఖాళీ సందులకు దోమల వల ముక్క వేసుకోవచ్చు గాని, నెలకోసారి దాన్నీ దులపాలి.

మరొకటి. మన ఆడవారు టీవీకి వేసినట్టే కంప్యూటరుకు కూడా ముచ్చటగా కుట్టుపని చేసిన గుడ్డ కప్పుతారు. దుమ్ము పడకుండా అది మంచిదే. అయితే చాలా పెట్టెలకు పైభాగంలోనూ వెనుకనూ గాలి పోయే చిల్లులుంటాయి గనుక వెలిగించే ముందు గుడ్డ పూర్తిగా తీసి మడిచి పెట్టండి, ఆపిన తర్వాత అరగంట ఆగి కప్పండి.